గాలి తుపాకి

తుపాకి యను మాట చెవినిబడగానే మనకు మందు, నిప్పు, పొగ, చప్పుడు జ్ఞప్తికి వచ్చును. కాని యీ మాట పుట్టినప్పుడు దానియందు నిప్పు లేదు. ఊపిరి మాత్రమే యుండెను. 1072-74 ప్రాంతమున బాగ్దాదు నగరమున మహమూద్ అల్ కాష్గరీ యను విద్వాంసుడు తురుష్క భాషకొక నిఘంటువు రచించెను. అందు ‘తువెక్’ అను పదమొకటి కలదు. లేత కొమ్మ బెరడుతో గొట్టము చేసి, అందు ఉండనుంచి, నోటితో ఊది పిట్టలను కొట్టు సాధనమని దాని యర్థము. ఆ గొట్టపు పేరే పిమ్మట మందుతో పేలు ఆయుధమునకు సంక్రమించి, పారసీకమున తుఫంగు, తురుష్కమున తుఫెక్ అయి, సైన్యములవెంట దక్షిణమునకు వచ్చి, మన నోట తుపాకి యైనది. నిప్పు తరువాత వచ్చి పేరును ఆక్రమించినది. గాలి తుపాకి యని నేడు మనము విశేషణము చేర్చి పిలుచుచున్నదే అసలు తుపాకి.

గొట్టమున ఊపిరి నడపుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. మా తల్లిగారు తడిసిన కొబ్బరిమట్టలు పొయ్యిలో పెట్టి, ఇనుప ఊదుగొట్టముతో కన్నులెఱ్ఱబడునట్లు ఊదుచుండిరి. కమ్మరి కొలిమివద్ద మేకతోలు తిత్తి యుండెడిది. తిత్తి నెత్తినపుడు దాని నోటి పెదవులు విడిపోయి గాలి లోనికి వచ్చును. అదిమినపుడు అవి మూసికొని గాలి గొట్టమువెంట నిప్పులలోనికి పోవును. శాస్త్రగ్రంథములలో కవాటమని చెప్పబడునది ఇదియే. చదువురాని కమ్మరి చేతి వ్రేళ్లలో నా కవాటము వేలయేండ్లుగా తెఱచుకొనుచు మూసికొనుచు నున్నది.

నా బాల్యము 1960 దశకమున ఉద్దానపు ఇసుక నేలమీద గడచినది. జీడితోటలు, కొబ్బరితోటలు, పనసచెట్లు, వాటికావల సముద్రపు హోరు. మందస మీది కొండలనుండి సవరలు సంతకు వెదురు దెచ్చెడివారు. ఆ వెదురులో సన్నని బొంగు ఏరికొని, జానెడు ముక్క కోసి, రెండు వైపుల కణుపులు తీసివేసి, అందు సరిగా దూరునట్టి పుల్లనొకదానిని పిడితో చేసికొన్నచో మా వెదురు తుపాకి సిద్ధము. తడిపి నమిలిన కాగితపు టుండ నొకదానిని గొట్టపు కొసదాక త్రోసి, రెండవ యుండను వెనుక బెట్టి పుల్లతో బలముగ నొత్తవలెను. రెండుండల నడుమ చిక్కిన గాలికి పోవ దారి లేదు. అది నలిగి నలిగి, యోర్వజాలక ముందున్న యుండను టప్పున విసరివేయును. వెనుకటి యుండ ముందుకు వచ్చి మఱుసటి దెబ్బకు గుండగును. దెబ్బ చీమకుట్టినంత, చప్పుడు మాత్రము ఘనము. ఇంతకన్న పెద్ద గాలి తుపాకులన్నియు, ఎంత చిత్రముగ చేసినను, ఈ పిల్లల యాటవస్తువునకు వ్యాఖ్యానములే.

ఈ వెదురు తుపాకి బాలురచేతనే గాక దేవుని యెదుటను పేలుచున్నది. బస్తరు రాజధానియైన జగదల్‌పురమున ఆషాఢమాసమున జగన్నాథుని రథోత్సవము జరుగును. దానిని అచ్చట గోంచా యందురు. ఆనాడు ప్రజలు తుప్కి యని పిలువబడు వెదురు గొట్టములలో పచ్చికాయలుంచి పేల్చి రథమునకు వందనము చేయుదురు. బస్తరు రాజులు ఓరుగల్లు కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడైన అన్నమదేవుని వంశమువారమని చెప్పుకొన్నవారు. వారిలో పురుషోత్తమదేవుడు పూరీయాత్ర చేసివచ్చి యీ యుత్సవమును నెలకొల్పెనని సంప్రదాయము. రాజులు ఫిరంగులతో చేయు మర్యాదను కొండప్రజలు ఊపిరిలేని వెదురుకు ఊపిరి పోసి చేయుచున్నారు. నాకీ రెండవ మర్యాదయే అందముగ దోచును.

ఇచ్చట నొక యపరాధము చెప్పికొనవలసియున్నది. నేను భాషాప్రవీణ చదివి క్రొత్తగా పంతులనైన దినములలో, తుపాకి మన ప్రాచీనులే కనిపెట్టిరని తరగతిలో ఉత్సాహముతో చెప్పుచుంటిని. శుక్రనీతిలో నాళికాస్త్రము, అగ్నిచూర్ణము వర్ణింపబడియున్నవి గదా! మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడైన గుస్తావ్ ఓపెర్ట్ 1880లో ఒక గ్రంథము వ్రాసి, యా వాక్యములను ఆధారముగ జేసికొని, మందు తుపాకి భారతీయులదే యని వాదించెను. తెల్లవాడే యొప్పుకొన్నప్పుడు మనకేల సందేహమని నా ధీమా. పిమ్మట 1962లో లల్లన్‌జీ గోపాల్ వ్రాసిన వ్యాసమును చూచితిని. శుక్రనీతిలోని కొన్ని నిబంధనలు కుంపిణీ ప్రభుత్వపు పద్ధతులను పోలియున్నవనియు, మనకు దొరకిన యా గ్రంథము పందొమ్మిదవ శతాబ్దమునాటిదనియు ఆయన నిరూపింపబూనెను. నా గర్వము కొంత దిగినది. అగ్నినాళికమునందలి మన ప్రథమాధికారము పోయినను, తిత్తియు పిచికారియు మనయింట నున్నవి గదా యని సమాధానపడితిని.

గాలిని బంధించి ఆయుధముగ మార్చినవారిలో మనకు పేరు తెలిసిన ప్రథముడు ఒక మంగలి కొడుకు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున ఈజిప్టుదేశపు అలెగ్జాండ్రియా నగరమున క్టెసీబియస్ అనువాడుండెను. తండ్రి దుకాణములో అద్దమును పైకి క్రిందికి జరుపుటకు, కనబడకుండ ఒక గొట్టములో సీసపు బరువు వ్రేలాడదీసెనట. బరువు గొట్టములో దిగునపుడు లోని గాలి నలిగి ధ్వని చేయుచు బయటికి వచ్చినది. ఇతరులు వినియు విననట్లుండిన ఆ ధ్వనిని అతడు విడిచిపెట్టలేదు. దానినుండి నీరు తోడు యంత్రము పుట్టినది, నీటి ఒత్తిడిచే పలుకు వాద్యము పుట్టినది. కంచు స్తూపములలో ముషలకము, అనగా రోకలివంటి బిరడా, చొప్పించి, గాలి ఒత్తిడిచే రాళ్లు విసరు యంత్రమును గూడ అతడు చేసెనని బైజాంటియముయొక్క ఫైలో వ్రాసినాడు. క్షౌరశాలలో పుట్టిన శాస్త్రమని మా సహోపాధ్యాయులొకరు హాస్యము చేసెడివారు. ఏ శాస్త్రము ఏ దుకాణములో పుట్టునో ఎవరు చెప్పగలరు?

తరువాత బహుకాలము గాలి తుపాకి మాట వినబడదు. స్టాక్‌హోములోని రాజాయుధశాలలో సుమారు 1580 నాటి గాలి తుపాకి యున్నది. నేటికి నిలిచినవానిలో అదియే ప్రాచీనమందురు. జర్మనీలో ఓట్టో వాన్ గెరికె 1650 ప్రాంతమున వాయువును తోడివేయు యంత్రమును నిర్మించెను. ఇంగ్లండులో రాబర్టు బాయిలు, గాలి ఇమిడిన స్థలము సగమైనచో దాని యొత్తిడి రెండింతలగునని 1662లో ప్రకటించెను. ఉద్దానపు బాలుని బొటనవ్రేలు ఎఱిగిన దానిని బాయిలు లెక్కలో వ్రాసెను.

ఇక గిరాండోని సంగతి. ఇతడు ఆల్ప్సు పర్వతప్రాంతమున పుట్టి ఆస్ట్రియా ప్రభుత్వపు ఆశ్రయమున పనిచేసిన పనివాడు. 1780 నాటికి ఆస్ట్రియా సైన్యమితని గాలి తుపాకిని స్వీకరించినది. తుపాకి వెనుకటి పిడియే యినుపరేకు పాత్ర. దానిలో పంపుతో గాలి కూరవలెను; ఒకటి రెండు కొట్టుడులు గాదు, పాత్ర నిండుటకు సుమారు 1500 మారులు పంపు కొట్టవలెను. మన బావి గిలకవద్ద పదునైదు వందలమారులు చేద లాగుడు, శ్రోతలారా, అప్పుడు తెలియును. కాని నిండిన పిమ్మట దాని మహిమ వేఱు. ఆ కాలపు సిపాయి మందుపోసి, గుండు వేసి, కూరి, ఒక్కమారు పేల్చులోపల, గిరాండోని తుపాకి పట్టినవాడు గొట్టపు ప్రక్కన వరుసగానున్న ఇరువది గుండ్లలో పెక్కింటిని వెంటవెంట విడువగలడు. పొగ లేదు, వానలో మందు తడియునను చింత లేదు, చప్పుడు స్వల్పము. అమెరికాఖండమును తూర్పునుండి పడమటికి దాటిన లూయిస్ క్లార్కుల యాత్రలో, 1803 మొదలు 1806 వఱకు, ఒక గాలి తుపాకి వారివెంట నుండినది. ఆ దేశపు పూర్వజాతులవారికి దానిని పేల్చిచూపి ఆశ్చర్యపఱచుచుండిరని వారి దినచర్యలు చెప్పుచున్నవి.

ఇంత మేలైనది ఎందుకు నిలువలేదు? తోలు బిగింపులు ఎండిన గాలి కారిపోవును, వానిని తడుపుచుండవలెను. రేకు అతుకులు సన్నని చీలిక యిచ్చినను పాత్ర పనికిరాదు. పాడైనచో బాగుచేయుటకు మామూలు కమ్మరి చాలడు. 1815 నాటికి ఆస్ట్రియా సైన్యము దానిని విడిచివేసినది. బంధించిన గాలి నిప్పువలె ఆర్పిన ఆరునది కాదు. పాత్రలో దాగి, తలుపునకు ఓరగానుండి, ఎప్పుడు వెలువడుదునా యని కాచుకొనియుండును. గాలి తుపాకి చరిత్రమంతయు ఆ పాత్రను నమ్మవచ్చునా యను ప్రశ్నయొక్క చరిత్రమే.

మన దేశమున రాజులకు నిప్పు తుపాకియే కావలసివచ్చెను. 1520లో రాయచూరు ముట్టడిలో కృష్ణదేవరాయల పక్షమున పోర్చుగీసు తుపాకివాండ్రు పోరాడిరి. 1757 జనవరి 24వ తేదీని బొబ్బిలి కోటమీద బుస్సీ ఫిరంగులు పేలినవి. ఆ కథ మా ప్రాంతమున జంగము పాటలో నేటికిని వినబడును. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయుధచట్టము వచ్చినది. లైసెన్సు లేని భారతీయుడు తుపాకి పట్టరాదనుట దాని సారాంశము. ఐరోపావారికి మినహాయింపులిచ్చుటచే అది పెద్ద యవమానముగ దేశమునకు దోచినది. అది పోయి 1959 నాటి చట్టము వచ్చినది. 2016 నిబంధనలలో గాలి తుపాకికి ప్రత్యేకముగ హద్దు గీసిరి: గొట్టపు రంధ్రము నాలుగున్నర మిల్లీమీటర్లు మించినను, గుండు వెలువడు శక్తి 20 జౌళ్లు మించినను లైసెన్సు కావలెను. ఇంటిలో కూర్చుండి ఆయుధము తయారుచేయుట చట్టమునకు వేడుక కాదు.

హద్దునకు లోబడిన గాలి తుపాకి ప్రపంచమంతట పిల్లలకు చేరుటకు కారణమొక గాలిమర. అమెరికాలో ప్లిమత్ అను చిన్న ఊరిలో 1882లో గాలిమరలు చేయు కంపెనీ యొకటి వెలసినది. మరలు సరిగ అమ్ముడుపోలేదు. కొన్న రైతులకు కానుకగా నిత్తమని 1880 దశకము చివర గాలి తుపాకులు చేసిరి. రైతులకు మరకంటె కానుకయే నచ్చినది! కడకు మరల నిర్మాణము మాని కంపెనీయే డెయిసీ యను తుపాకి పేరు పెట్టుకొన్నది. 1984నుండి గాలి తుపాకి ఒలింపిక్ క్రీడలలో చేరినది. 2012 లండను క్రీడలలో మన హైదరాబాదు గగన్ నారంగ్ దానితోనే కంచుపతకము గెలిచెను.

మా వైపున దానిని సామాన్యులు చూచునది తీర్థములలో. టెక్కలికి సమీపమున రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి యున్నాడు. పైకప్పు లేక ఎండకు ఎండి వానకు తడియు మహాలింగమది. కార్తిక సోమవారములలో జనము విరుగబడును. అచ్చట బల్లకు రంగురంగుల బుడగలు కట్టి, డబ్బు తీసికొని గాలి తుపాకితో కొట్టించువాడొకడు తప్పక యుండును. గుఱి తప్పుటకే ఆ తుపాకుల గొట్టములను వంచియుంచుదురని మా యూరి లోకోక్తి. నేను కొట్టినప్పుడెల్ల నది నిజమేయని తోచినది.

1990వ సంవత్సరమున నేను టెక్కలి ప్రాంతమున ఒక ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పుచుంటిని. బొబ్బిలి యుద్ధపు పాఠము నడచుచుండగా తుపాకి యను పదముయొక్క పుట్టుక చెప్పితిని. వెదురు తుపాకిని గూర్చియు, మంగలి కొడుకును గూర్చియు, 1500 మారులు పంపు కొట్టిన సిపాయిలను గూర్చియు చెప్పితిని. పదవ తరగతిలో ఒక కమ్మరి బాలుడుండెను. ఛందస్సు వానికి పట్టుబడలేదు గాని ఆ దినమున ఱెప్పవేయక విన్నాడు. నెల దాటిన పిమ్మట ఒక సాయంకాలము, “మాస్టారూ, ఒకటి చూపుతాను, రండి” యని బడి వెనుకకు పిలిచెను. సంచిలోనుండి తీసినది తుపాకి. తండ్రి కొలిమిలో పాత యినుముతో చేసికొన్నాడు. గాలి నింపుటకు సైకిలు పంపు. ముప్పది యడుగుల దూరమున పెట్టిన కుండపెంకు భళ్లున పగిలినది.

సామాన్యశాస్త్రము చెప్పు మాస్టరుగారు అచ్చటనే యుండిరి. ఆయన దానిని త్రిప్పి చూచి, “పంతులుగారూ, పాత ఇనుములో గాలి కూరడం అంటే బాంబు కట్టడమే. వీడి మొగం దగ్గర పెట్టుకుని పేల్చే వస్తువు ఇది. విప్పించెయ్యండి” అనిరి. నేను నవ్వితిని. పాఠము విని వస్తువు చేసికొనివచ్చిన శిష్యుడు ఏ పంతులునకు జన్మలో నెందఱు దొరకుదురు? నా జేబులోని సిరాకలము తీసి, “నీవు క్టెసీబియస్ అంతవాడవురా” యని వాని జేబున బెట్టితిని. ఆ మాట నేడు తలచికొన్నను నాకు సిగ్గగును.

టెక్కలికి దగ్గఱనే తేలినీలాపురము గలదు. ఏటేట సెప్టెంబరు మొదలుగా గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు వచ్చి, ఊరి చెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని వేసవికి వెడలిపోవును. నౌపడావైపు ఉప్పుకయ్యలు, బురదనేలలు, చెఱువులు వాని మేతపట్టులు. ఊరివారు వానిని పురిటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. రెట్టల కంపునకు గొణుగుకొనినను చెట్టు నఱకరు, ఱాయి విసరరు. 1972 నాటి వన్యప్రాణి చట్టము పుట్టకముందునుండియు అక్కడ చట్టమదియే.

కలమిచ్చిన వారమునాటికి, నేను తరగతిలోనుండగా, ఒక వృద్ధురాలు తలమీది తట్ట దించి మా వరండాలో పెట్టినది. తట్టలో గూడబాతు. ఒక ఱెక్క తిరుగబడి నెత్తురు గడ్డకట్టియున్నది. ఆ పొడవైన ముక్కు తట్ట అంచుమీద ఆనించి, కన్ను మూయక మమ్ము చూచుచుండెను.

“ఏటి బాబూ, మీ బల్లో పిల్లలకి ఇదేనేటి నేర్పుతున్నారు? దీనికి గూట్లో పిల్లలున్నాయి” అన్నది.

ఆమె కేకలు వేసియుండినచో నాకు మేలుగనుండెడిది. నెమ్మదిగ నడిగినది. నాకు సమాధానము దొరకలేదు. బాలుడు మూడవ బల్లమీదనుండి లేచి వచ్చి, తట్టప్రక్క కూర్చుండినాడు. ఎవరును వాని నడుగలేదు. వాడును ఏమియు చెప్పలేదు. టెక్కలినుండి పశువుల డాక్టరును పిలిపించితిమి. ఆయన ఱెక్కకు కట్టు కట్టి, చేప లిమ్మనెను. పక్షి చేపను ముట్టలేదు. మూడవ దినము తెల్లవాఱుజామున చనిపోయినది. ఆ ముసలమ్మయే వచ్చి గొయ్యి తీయించినది. గూటిలోని పిల్లలు ఏమైనవని నేనడుగలేకపోయితిని.

నాటి సాయంకాలము కమ్మరి బడికి వచ్చెను. కొడుకును కొట్టెనని విన్నాను. నా యెదుట మాత్రము వానిని పల్లెత్తుమాట అనలేదు. “పంతులుగారు మెచ్చుకున్నారంటే మంచిపనే అనుకున్నాను బాబూ” అన్నాడు. శాస్త్రము చెప్పిన మాస్టరుగారు నావైపు చూడక సుద్దముక్కలు సర్దుకొనుచుండిరి. తండ్రి ఇంటికి పోయి గాలిపాత్రను సుత్తితో చితుకగొట్టి, గొట్టమును మాత్రము పారవేయక కోసి కొలిమితిత్తికి అమర్చుకొన్నాడట. ఇనుము వ్యర్థము చేయుట వారి యింట లేదు. మఱునాడుదయము నా బల్లమీద కలము పెట్టియున్నది.

పరీక్షలయిన పిమ్మట ఆ బాలుడు చదువు సాగింపలేదు. పలాసలో జీడిపప్పు కార్ఖానాలు పెరుగుచున్న దినములవి. యంత్రములు బాగుచేయు దుకాణములో పనికి చేరినాడు. ఇప్పుడు వానికి సొంత దుకాణమున్నది. కార్ఖానాలలోని గాలి కంప్రెసర్లు చెడిపోయినచో వానినే పిలుతురు. పాత్రకు తుప్పు పట్టియుండినచో ఎంత డబ్బిచ్చినను అతుకు వేయక, క్రొత్తది కొనుమని పంపివేయుననియు, అందుకు కొందఱు యజమానులకు వానిమీద కోపమనియు విన్నాను. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను మా తీరమున విఱుచుకొనిపడి, కొబ్బరి, జీడిచెట్లను లెక్కలేక కూల్చినపుడు వాని దుకాణపు ఱేకులు ఎగిరిపోయినవి. మూడవనాడు ఫోనులు పలుకసాగినవి. వాడు పిలిచెను. తన ఱేకుల సంగతి చెప్పునేమో యనుకొంటిని.

“మాస్టారూ, తేలినీలాపురం వెళ్లొచ్చాను. చెట్లు చాలా పోయాయి. పక్షులు ఉన్న చెట్లమీదే సర్దుకుంటున్నాయి” అన్నాడు.